జింకల వేటలో తూటాల ఎంపిక

జింకల వేటలో తూటాల ఎంపిక అనగా జింక జాతి జంతువులను తుపాకితో, ముఖ్యంగా పిస్తోలు, రివాల్వరు వంటి చేతి తుపాకులతో వేటాడేటపుడు ఎటువంటి తూటా వాడితే ఆ జంతువు గాయంతో పారిపోకుండా వెంటనే మరణిస్తుందో నిర్ణయించే విషయం. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో ఈ వేట చట్టసమ్మతం. భారతదేశంలో జింకల వేట నేరం. అయినప్పటికీ, ఒకప్పుడు నిజాముల వేటస్థలాలుగా ఉన్న మెదక్ పరిసర అడవుల చరిత్రను, వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని, అటవీ నేరాల పరిశోధనను అర్థం చేసుకోవడానికి ఈ విషయ పరిజ్ఞానం ఉపయోగపడుతుంది.

పదాలు

వార్తాపత్రికలలో తూటా, తోటా అనే రెండు పదాలను ఒకే అర్థంలో వాడటం కనిపిస్తుంది. ఈ వ్యాసంలో తుపాకి గొట్టం నుండి బయటకు దూసుకుపోయే లోహపు ముక్కను తూటా అని, ఆ ముక్కతోపాటు ఇత్తడి గొట్టం, మందు, వెనుక పేలే టోపీ కలిసిన మొత్తాన్ని తోటా అని వ్యవహరిస్తున్నాం. పాత నాటు తుపాకులలో ఈ ఏర్పాటు లేదు. మందును, గుడ్డపీలికను, సీసపు గుండును గొట్టం మూతి నుండి విడివిడిగా కూరి గజంతో దట్టించేవారు. తెలంగాణలో దీనిని భర్మారు తుపాకి అంటారు. "భర్‌నా" అంటే హిందీలో నింపడం.

తూటా బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రెయిను 0.065 గ్రాములకు కొంచెం తక్కువ. కంసాలులు పూర్వం బంగారం తూచిన గురివింద గింజ ఎత్తు సుమారు రెండు గ్రెయిన్లని గుర్తుంచుకుంటే ఈ కొలత సులభంగా తెలుస్తుంది.

జంతువులు

తెలుగులో జింక అనే మాట చాలా జంతువులకు చెల్లుతోంది. జీవశాస్త్రం ప్రకారం ఏటేటా రాలిపోయి మళ్ళీ మొలిచే కొమ్ములు గలవి ఒక కుటుంబం. చుక్కల దుప్పి, కణుజు దీనికి చెందుతాయి. రాలని కొమ్ములు గల కృష్ణజింక, చింకారా, కొండగొర్రె, మనుబోతు పశువుల కుటుంబానికి చెందినవి. తూటా విషయంలో ఈ భేదం కన్నా శరీర పరిమాణం ముఖ్యం. చింకారా, కొండగొర్రె సుమారు 20 కిలోల బరువుంటాయి. కృష్ణజింక మగది 35 నుండి 40 కిలోలు, మగ దుప్పి 70 నుండి 90 కిలోల వరకు తూగుతాయి. కణుజు మగది 200 కిలోలు దాటుతుంది. అమెరికాలో చేతి తుపాకితో ఎక్కువగా వేటాడే తెల్లతోక జింక బరువు మన దుప్పికి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. కనుక అక్కడి అనుభవం ఆధారంగా చెప్పే లెక్కలను దుప్పికి అన్వయించి చూడవచ్చును.

తూటా ఎలా చంపుతుంది

దెబ్బ తగలగానే జంతువు గాలిలో ఎగిరి కూలిపోతుందని సినిమాలు చూపిస్తాయి. వాస్తవంలో అలా జరగదు. వెన్నుపూస గాని మెదడు గాని దెబ్బతింటే తప్ప జింక నిలుచున్న చోట పడిపోదు. రెండు ఊపిరితిత్తులలో రంధ్రం పడిన జింక కూడా యాభై, వంద మీటర్లు పరుగెత్తి, రక్తం కోల్పోయి, మెదడుకు ప్రాణవాయువు అందక పడిపోతుంది. అందువల్ల వేటగాడు గురిపెట్టేది పక్కకు తిరిగి నిలుచున్న జింక ముందుకాలికి కొంచెం వెనుక, ఛాతీలో కింది సగం మీద. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అదే.

రైఫిలు తూటాకు, చేతి తుపాకి తూటాకు మధ్య ముఖ్యమైన తేడా వేగం. రైఫిలు తూటా సెకనుకు 700 మీటర్లకు పైబడిన వేగంతో దేహంలోకి ప్రవేశించినపుడు చుట్టూ ఉన్న కండను క్షణకాలం పక్కకు నెట్టివేసి, తాను తాకని భాగాలను కూడా చింపుతుంది. చేతి తుపాకి తూటా వేగం చాలా వరకు 250 నుండి 450 మీటర్లే. అది నేరుగా తాకిన దానిని మాత్రమే నలిపి రంధ్రం చేస్తుంది. కాబట్టి రంధ్రం ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నవే అక్కడ లెక్కకు వస్తాయి.

తూటా శక్తిని పాఠశాల భౌతికశాస్త్రంలోని సూత్రంతోనే కట్టవచ్చును. ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించి సగం చేయాలి. ద్రవ్యరాశి రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. జాతరలలో బుడగలు పేల్చే గాలి తుపాకి గుండు శక్తి సాధారణంగా 20 జౌళ్ళ లోపే. కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో తయారై, లైసెన్సుదారులు ఆత్మరక్షణకు కొనుక్కునే .32 రివాల్వరు తూటా సుమారు 98 గ్రెయిన్ల బరువుతో, సెకనుకు 215 మీటర్ల వేగంతో వెలువడుతుంది. దాని శక్తి 150 జౌళ్ళ పరిధిలో ఉంటుంది. 9 మి.మీ. పిస్తోలు తూటాది దాదాపు 500 జౌళ్ళు. 1935లో అమెరికాలో వచ్చిన .357 మాగ్నం 158 గ్రెయిన్ల తూటాతో 700 జౌళ్ళకు పైగా ఇస్తుంది. 1955లో వచ్చిన .44 మాగ్నం 240 గ్రెయిన్ల తూటాతో 1,200 జౌళ్ళ పరిధికి చేరుతుంది. వీటి పక్కన వేటకు బాగా వాడే .30-06 రైఫిలు తూటాను పెట్టి చూస్తే దాని శక్తి 3,800 జౌళ్ళ పైచిలుకు. చేతి తుపాకిని సమర్థించేవారు తరచు దాటవేసే అంకె ఇది.

ఆయా దేశాల చట్టాలు ఈ లెక్కను వేరువేరుగా చూశాయి. ఇంగ్లాండు, వేల్సులలో అమలులో ఉన్న 1991 నాటి జింకల చట్టం చాలా జాతుల జింకలను కాల్చే రైఫిలుకు కనీసం 2,305 జౌళ్ళ శక్తి ఉండాలని విధించింది. .44 మాగ్నం దానిలో సగం దగ్గరే ఆగిపోతుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం చేతి తుపాకిని అనుమతిస్తూనే, 50 గజాల దూరంలో తూటాకు 550 అడుగు-పౌండ్ల శక్తి, అనగా సుమారు 745 జౌళ్ళు, మిగిలి ఉండాలని నియమం పెట్టింది. సాధారణ .357 తోటాలు చాలా వరకు ఈ పరీక్షలో తప్పుతాయి. చేతి తుపాకితో వేటాడేవారు 50 గజాల లోపలికి రానిదే కాల్చకపోవడం, కొద్దిమంది నిపుణులు మాత్రమే వంద గజాల వరకు పోవడం దీనివల్లనే.

తూటాల రకాలు

మూతి గుండ్రంగా ఉండి ఒళ్ళంతా రాగి కవచం గల తూటాను సైన్యాలు వాడుతాయి. అది దేహంలో విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. గాయపడిన జింక ఆ రంధ్రంతో చాలా దూరం పోగలదు. వేటకు దీనిని మించిన చెడ్డ ఎంపిక లేదని చెప్పవచ్చును. అనేక అమెరికా రాష్ట్రాలలో దీనిని వేటకు నిషేధించారు.

మూతి దగ్గర కవచం లేకుండా మెత్తని సీసం బయటకు కనిపించే తూటా, మూతిలో గుంట గల తూటా దేహాన్ని తాకగానే పుట్టగొడుగులా విచ్చుకుంటాయి. రంధ్రం వెడల్పవుతుంది. అయితే విచ్చుకున్న కొద్దీ లోతు తగ్గుతుంది. మనుషుల నుండి ఆత్మరక్షణ కోసం తయారుచేసిన గుంటమూతి తూటాలు తొందరగా విచ్చుకొని, జింక భుజం ఎముక దగ్గరే చిదికి ఆగిపోవచ్చు. దుకాణంలో రెండు పెట్టెలపైనా ఒకే కొలత, ఒకే బరువు వ్రాసి ఉన్నా, ఒకటి వేటకు తగినది, మరొకటి తగనిది అయ్యే అవకాశం ఉంది. అందుకే .357 వంటి తక్కువ శక్తి గల తుపాకికి నిదానంగా విచ్చుకొనే బరువైన తూటానే ఎంచుకుంటారు.

మూడవ మార్గం విచ్చుకోని, చదునైన మూతి గల గట్టి సీసపు తూటా. సీసానికి తగరం, ఆంటిమొని కలిపి పోత పోస్తారు. దీని చదును మూతి అంచు, గుండ్రని మూతిలా కండను పక్కకు తోసి జారిపోకుండా, కోసుకుంటూ పోతుంది. అమెరికా రచయిత ఎల్మర్ కీత్ ఈ తరహా తూటాలను ప్రచారంలోకి తెచ్చాడు. .44 మాగ్నం పుట్టుకకు కూడా ఆయన ప్రయోగాలే ప్రేరణ. ఇటువంటి తూటా జింకను అడ్డంగా దాటి బయటకు వెళ్తుంది. రెండు వైపులా రంధ్రాలు ఉంటే నేలపై రక్తపు జాడ బాగా పడి, జంతువును వెతకడం సులభమవుతుంది. లోతుకు, వెడల్పుకు రాజీ కుదర్చాలని 1940 దశకంలో జాన్ నోస్లర్ తూటా మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు భాగం విచ్చుకొన్నా వెనుక భాగం చెక్కుచెదరక లోపలికి పోతుంది. ఇది మొదట రైఫిళ్ళకు వచ్చినా ఆ తరువాతి వేట తూటాలన్నిటిపై దీని ప్రభావం ఉంది.

డమ్‌డమ్ తూటా

విచ్చుకొనే తూటా చరిత్రలో మన దేశానికి స్థానం ఉంది. 1890 దశకంలో కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ-క్లే సైనిక తూటా మూతి మీది కవచాన్ని తొలగించి మెత్తని సీసం బయటపడేలా చేశాడు. సరిహద్దు యుద్ధాలలో కవచపు తూటా తగిలినా శత్రువు ఆగడం లేదన్నది సైన్యం ఫిర్యాదు. దీని గాయాల తీవ్రతపై యూరపులో నిరసన వచ్చి, 1899 నాటి హేగ్ ప్రకటన ద్వారా యుద్ధంలో విచ్చుకొనే తూటాలను నిషేధించారు. యుద్ధంలో క్రూరమని నిషేధించిన తూటానే వేటలో చట్టాలు తప్పనిసరి చేశాయి. సైనికునికి గాయమైతే చికిత్స ఉంటుందనీ, అడవి జంతువుకు అది లేదనీ ఆలోచిస్తే ఇందులోని తర్కం బోధపడుతుంది. పైన పేర్కొన్న ఇంగ్లాండు చట్టం కూడా మెత్తని మూతి లేదా గుంటమూతి గల తూటాలనే అనుమతిస్తుంది.

మెదక్ ప్రాంతం

మెదక్ పట్టణానికి సమీపంలో మంజీరా నది ఏడు పాయలుగా చీలి ప్రవహించే చోట, పాపన్నపేట మండలం నాగసానిపల్లి వద్ద, ఏడుపాయల వనదుర్గా భవాని దేవాలయం కలదు. మహాశివరాత్రికి ఇక్కడ పెద్ద జాతర జరుగుతుంది. దగ్గరలోని ఘనపూర్ ఆనకట్ట 1905లో, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో కట్టినది. పరీక్షిత్తు కుమారుడు జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని స్థానికుల నమ్మకం.

ఈ స్థలపురాణానికి, మన విషయానికి సంబంధం ఉంది. సర్పయాగానికి మూలం గాయపడిన ఒక జింక. మహాభారతం ఆదిపర్వం ప్రకారం పరీక్షిత్తు బాణం తగిలిన మృగం పడిపోకుండా పారిపోయింది. దానిని వెతుకుతూ అలసిపోయి, ఆకలి దప్పులతో రాజు శమీక మహర్షి ఆశ్రమానికి వచ్చి అడిగాడు. మౌనవ్రతంలో ఉన్న ముని బదులు చెప్పలేదు. కోపంతో రాజు చచ్చిన పామును వింటి కొనతో ఎత్తి ముని మెడలో వేశాడు. మునికుమారుడు శృంగి శాపం, తక్షకుని కాటు, తండ్రి మరణానికి కొడుకు ప్రతీకారం వరుసగా జరిగాయి. పరీక్షిత్తు కొట్టిన మృగం అంతకుముందెన్నడూ తప్పించుకోలేదని కూడా ఆ కథలోనే ఉంది. వేటగాళ్ళు తూటాల గురించి ఇంతగా వాదించుకోవడం దేనికని అడిగే విద్యార్థికి, గాయంతో పారిపోయిన జింకను వెతకవలసి వచ్చిన వాని అవస్థను ఈ కథతో చెప్పవచ్చును.

ఆధునిక వేటగాళ్ళు వెంటనే వెంబడించరు. అరగంట ఆగుతారు. తరమని జింక దగ్గరలోనే పడుకొని ప్రాణం విడుస్తుంది. తరిమితే ఉన్న శక్తితో మైళ్ళు పోతుంది. నేలపై నురుగుతో కూడిన లేత ఎరుపు రక్తం ఊపిరితిత్తుల గాయానికి గుర్తు. ముదురు ఎరుపైతే కాలేయం దెబ్బతిన్నట్లు. పచ్చని రసం కలిసి ఉంటే తూటా పొట్టలో దిగినట్లు. అటువంటి జింక గంటల తరబడి బాధపడి చస్తుంది.

మెదక్‌కు ఉత్తరాన ఉన్న పోచారం అడవి నిజాముల వేటస్థలంగా ఉండేది. 1916 - 1922 మధ్య వాగుపై ఆనకట్ట కట్టగా పోచారం చెరువు ఏర్పడింది. హైదరాబాదు శివార్లలోని నేటి మహావీర్ హరిణ వనస్థలి కూడా అటువంటి వేటస్థలమే. అక్కడ కృష్ణజింకలు ఎక్కువ. దక్కను ప్రభువులు వీటిని పెంపుడు చిరుతపులులతో (చీతాలతో) కూడా వేటాడించేవారు. మహబూబ్ అలీఖాన్ వేటలో పేరుపొందినవాడు. ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ తీసిన వేట చిత్రాలు నేటికీ లభిస్తున్నాయి.

ఆ కాలపు వేటలో చేతి తుపాకి స్థానం స్వల్పం. ప్రభువులు, ఆంగ్లేయ అధికారులు జింకలకు రైఫిలు వాడేవారు. 19వ శతాబ్దంలో "హౌదా పిస్తోలు" అనే పొట్టి, లావు గొట్టాల తుపాకి ఉండేది. ఏనుగు మీదికి పులి దూకితే చివరి క్షణంలో కాల్చుకోవడానికే అది. సామాన్యులలో భర్మారు తుపాకి, తరువాత 12 బోరు తుపాకి వాడుకలో ఉండేవి. 12 బోరులో జింకకు "ఎల్‌జి" అనే పెద్ద గుళ్ళ తోటా వాడేవారు. గుళ్ళు దూరం పోయినకొద్దీ చెదిరి, 40 గజాలు దాటితే ఒకటో రెండో పొట్టకో కాలికో తగిలి జింక కుంటుతూ పోయేది. నాటు తుపాకిలో చేతికందిన ఇనుప ముక్కలు కూరి కాల్చే పద్ధతి అంతకన్నా హేయమైనది.

చట్టం

1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత 1952లో పోచారాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 130 చదరపు కిలోమీటర్లు. 2016 జిల్లాల పునర్విభజన తరువాత ఇది మెదక్, కామారెడ్డి జిల్లాలలో ఉంది. చెరువు సమీపంలో జింకల పునరుత్పత్తి కేంద్రం కలదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట కొన్ని జంతువుల వేటను లైసెన్సుపై అనుమతించింది. 1991 సవరణతో ఆ అవకాశం తొలగిపోయింది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. కృష్ణజింక, చింకారా, కొండగొర్రె మొదటి షెడ్యూలులో, దుప్పి రెండవ షెడ్యూలులో ఉన్నాయి. మొదటి షెడ్యూలు జంతువును చంపినా, అభయారణ్యంలో ఏ వన్యప్రాణిని వేటాడినా మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా విధించవచ్చును. వేట అనే మాటకు ఈ చట్టంలో చంపడమనే అర్థం ఒక్కటే లేదు. గాయపరచడం, ఉచ్చు పన్నడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. గురి తప్పిందనేది సమర్థన కాజాలదు.

తుపాకుల గురించి రెండు నిబంధనలు చాలామందికి తెలియవు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ వ్రాతపూర్వక అనుమతి లేనిదే ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించరాదు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారులు తమ ఆయుధాన్ని అటవీ అధికారుల వద్ద నమోదు చేయించుకోవాలి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే జింకను రాష్ట్ర జంతువుగా ప్రకటించారు.

సీసం

తూటా ఎంపికలో ఇటీవలి కాలంలో చేరిన అంశం విషం. మెత్తని సీసపు తూటా ఎముకకు తగిలినపుడు కంటికి కనిపించని తునకలుగా మాంసంలో చెల్లాచెదురవుతుంది. వేటగాడు వదిలివేసిన పేగులు తిన్న పక్షులకు ఆ సీసం ఎక్కుతుంది. కాలిఫోర్నియాలో కాండోర్ అనే భారీ రాబందులు ఈ కారణంగా చనిపోతుండటంతో 2019 జూలై నుండి ఆ రాష్ట్రమంతటా వేటకు సీసపు తూటాలను నిషేధించారు. దాంతో పూర్తిగా రాగితో చేసిన తూటాలకు గిరాకీ పెరిగింది. రాగి సీసం కన్నా తేలిక కనుక అదే బరువుకు తూటా పొడవవుతుంది. మన దేశంలో రాబందులు అంతరించడానికి ప్రధాన కారణం మాత్రం పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు. పశువైద్యంలో దానిని 2006లో నిషేధించారు.

నేర పరిశోధనలో తూటా

రైఫిలు, రివాల్వరు, పిస్తోలు గొట్టాల లోపల మరచుట్టు గాడులు ఉంటాయి. తూటాను తిప్పి నిలకడగా పంపడం వాటి పని. ఆ గాడుల గీతలు తూటాపై పడతాయి. కళేబరంలో దొరికిన తూటాను, పట్టుబడిన తుపాకితో కాల్చిన తూటాను సూక్ష్మదర్శిని కింద పక్కపక్కన పెట్టి పోల్చి, రెండూ ఒకే తుపాకివని నిపుణులు చెప్పగలుగుతారు. బాగా విచ్చుకొని నలిగిన తూటాపై ఈ గీతలు కొంత చెడిపోతాయి. భర్మారు తుపాకి, 12 బోరు తుపాకి గొట్టాలు నునుపుగా ఉండటం వలన వాటి గుళ్ళపై ఈ గీతలే పడవు. అప్పుడు పేలని లేదా పారవేసిన తోటా అడుగున టోపీపై సూది కొట్టిన గుర్తు, మందు అవశేషాలు ఆధారమవుతాయి.

ఇప్పటి వేటగాళ్ళలో పలువురు తుపాకి శబ్దానికి భయపడి ఉచ్చులు, పొలాల వెంట లాగిన కరెంటు తీగలు వాడుతున్నారు. అటువంటి కేసులలో తూటా ఉండదు. సంతలోనో ఇంటిలోనో దొరికిన మాంసం మేకదా, జింకదా అన్నదే తేలవలసిన ప్రశ్న. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలలో డీఎన్‌ఏ పరీక్ష ద్వారా, వండిన మాంసం ముక్క నుండి కూడా జంతువు జాతిని నిర్ధారిస్తున్నారు.